పొడవు తోక చిలుకల పటం: మాస్టారికీ శిష్యురాలికీ వాదం

(జంతుశాస్త్రం బోధించి విశ్రాంత జీవితం గడుపుతున్న మాస్టారు పిల్లల కోసం ఒక గోడపటం గీశారు. పైన 'పొడవు తోక చిలుకలు' అని శీర్షిక. ముందు అమెరికా ఖండాల పెద్ద చిలుకలైన మకావ్‌లు, కింద చిన్న చిలుకలు, చివర రామచిలుక. ఆయన దగ్గర చదువుకుని ఇప్పుడు పక్షుల డీఎన్‌ఏ మీద పరిశోధన చేస్తున్న శిష్యురాలు పటం ముందు నిలబడింది.)

శిష్యురాలు: బొమ్మలు ఎంత బాగున్నాయి మాస్టారూ! ఒక్క రామచిలుకను మాత్రం ఇక్కడి నుంచి తీసేయాలి.

మాస్టారు: ఎందుకమ్మా? ఆ తోక చూడు. మెట్లుమెట్లుగా దిగి కొసకు వచ్చేసరికి సూదిలా సాగింది. స్కార్లెట్ మకావ్ తోకా ఇంతే. ముక్కు వంపూ అదే, రెండు వేళ్లు ముందుకీ రెండు వెనక్కీ ఉన్న పాదమూ అదే. పిల్లలు కళ్లారా చూసి పోల్చుకోగలిగింది వదిలేసి, కంటికి కనిపించని వంశవృక్షం నేర్పమంటావా?

శిష్యురాలు: ఆ ముక్కూ, ఆ పాదమూ చిలుకలన్నిటికీ ఉన్నవే. ఇక మిగిలింది తోక. మనల్ని పక్కదారి పట్టించేది అదే. బార్సిలోనా పార్కుల్లో రెండు రకాల చిలుకలు తిరుగుతుంటాయి. మాంక్ చిలుక దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. రామచిలుక సొంత నేల ఆఫ్రికా, దక్షిణాసియా. పెంపకం కోసం తీసుకువెళ్తే బయటపడి అక్కడే స్థిరపడ్డాయి. రెండూ ఆకుపచ్చవే, రెండింటికీ పొడవు తోకే. దూరం నుంచి చూస్తే అక్కాచెల్లెళ్లు అనుకుంటాం. కానీ మాంక్ చిలుక మకావ్‌ల వైపు బంధువు. పొట్టి తోక అమెజాన్ చిలుకదీ ఆ వైపే. రామచిలుకకు దగ్గరి చుట్టాలు పొట్టి తోక లవ్‌బర్డ్‌లు, ఆస్ట్రేలియా బడ్జీలు. మకావ్‌లది సిట్టసిడే కుటుంబం, రామచిలుకది సిట్టక్యులిడే కుటుంబం. తోకలు రెండు చోట్ల విడివిడిగా పొడుగయ్యాయి.

మాస్టారు: 1758లో జీవులకు పేర్లు పెట్టే పద్ధతి నేర్పిన లిన్నేయస్ చిలుకలన్నిటినీ సిట్టకస్ అనే ఒక్క ప్రజాతిలోనే, అంటే దగ్గరి జాతుల ఒకే గుంపులోనే పెట్టాడు. 1799లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాసెపెడ్ మకావ్‌ల కోసం 'ఆరా' అనే ప్రజాతిని విడదీశాడు. వాళ్లు దేన్ని చూసి చేశారు? రూపాన్నే కదా! సరే, రామచిలుకను వదులుకుంటాను. మకావ్‌ల జోలికి మాత్రం రాకు. పెద్ద శరీరం, ఈకలు లేని తెల్లని చెంప, పొడవు తోక. మకావ్ అంటే అంతే.

శిష్యురాలు: అలాగైతే మకావ్‌లన్నిటిలోకీ పొడవైనదే ముందు పటం దిగాలి. హయసింత్ మకావ్ దాదాపు మీటరు పొడవుంటుంది. దానికి తెల్లని చెంప ఎక్కడుంది? కంటి చుట్టూ, కింది ముక్కు మొదట్లో పసుపుపచ్చ చర్మం ఉంటుంది, అంతే. ఇక ఈ మూల మీరు గీసిన ఎర్రభుజాల మకావ్ సుమారు 30 సెంటీమీటర్లు. చెంప తెల్లగానే ఉంది కానీ, డీఎన్‌ఏ చూస్తే ఇది మీ పెద్ద మకావ్‌ల కంటే బ్రెజిల్ బంగారు చిలుకకు దగ్గర. ఆ బంగారు చిలుకను మకావ్ అని ఎవరూ అనరు.

మాస్టారు: (కాసేపు పటం వంక చూసి) అయితే మకావ్ అనే మాటే అబద్ధం అంటావు.

శిష్యురాలు: అబద్ధం అనను. అది మనుషులు పెట్టుకున్న పేరు. ఆరు ప్రజాతుల్లో, చాలాకాలంగా ఎవరికీ కనిపించని గ్లాకస్ మకావ్‌ను కూడా కలుపుకుంటే, పదిహేడు జాతుల్ని ఆ పేరుతో పిలుస్తాం. అవన్నీ ఒకే తల్లి పిల్లలని మాత్రం చెప్పకూడదు.

మాస్టారు: మీ డీఎన్‌ఏ మాత్రం ఒక్క మాట మీద నిలబడుతుందా? అమెరికా చిన్న చిలుకల్ని ఆరటింగా అనే ఒక్క పేరుతో నేర్చుకున్నాం, నీకూ అదే నేర్పాను. 2013లో దాన్ని నాలుగు ముక్కలు చేశారు. పేరు మారిన ప్రతిసారీ పాత పుస్తకం చదివినవాడు దారి తప్పుతాడు. పేరు మనుషుల మధ్య వంతెన అమ్మా, దాన్ని మాటిమాటికీ కూల్చకూడదు. పైగా కరీబియన్ దీవుల్లో మకావ్‌లు ఉండేవని పాత యాత్రికులు రాశారు. వాటిలో కొన్నింటికి ఈకైనా మిగల్లేదు. వాటి గురించి మీ యంత్రం ఏం చెబుతుంది?

శిష్యురాలు: ఏమీ చెప్పదు. అక్కడ మీ మాటే నెగ్గింది. ఆ రాతలే లేకపోతే అవి ఉండేవన్న ఆలోచనే మనకు వచ్చేది కాదు. అయితే క్యూబా మకావ్‌వి సుమారు ఇరవై చర్మాలు మ్యూజియంలలో మిగిలాయి. ఆ ఎండిన చర్మాల డీఎన్‌ఏతోనే అది పెద్ద ఎర్ర మకావ్‌లకూ, మిలిటరీ మకావ్ లాంటి ఆకుపచ్చవాటికీ చుట్టమని తేలింది. పందొమ్మిదో శతాబ్దంలో పోయిన పక్షి, మాస్టారూ!

మాస్టారు: కంటికి ఇవ్వాల్సిన గౌరవం ఇంకా బాకీ ఉంది. ఆంగ్ల చిత్రకారుడు ఎడ్వర్డ్ లియర్ సంగతి తెలుసు కదా? యువకుడిగా ఉన్నప్పుడే చిలుకల బొమ్మల పుస్తకం వేశాడు, 1832లో పూర్తయింది. హయసింత్ మకావ్ అన్న పేరుతో గీసిన బొమ్మలో నిజానికి ఉన్నది వేరే జాతి. అది వేరే జాతి అని అప్పటికి ఎవరికీ తెలియదు. అతని చెయ్యి మాత్రం ఉన్నది ఉన్నట్టు గీసింది. 1856లో పక్షిశాస్త్రవేత్త బోనపార్ట్ ఆ జాతికి లియర్ పేరే పెట్టాడు.

శిష్యురాలు: ఆ కథ అక్కడితో ఆపకండి. ఆ పక్షులు పంజరాల్లోనే కనిపించేవి. అడవిలో ఎక్కడ ఉంటాయో ఎవరికీ తెలియదు. అందుకని, అది హయసింత్‌కూ గ్లాకస్‌కూ పుట్టిన సంకరం కావచ్చని కూడా కొందరు అనుకున్నారు. అది కూడా రూపం చూసే! చివరికి 1978లో పక్షిశాస్త్రవేత్త హెల్ముట్ సిక్ బ్రెజిల్‌లోని బహియా పొడి నేలల్లో వాటి స్థావరాన్ని కనిపెట్టాడు. పక్షులు కొద్దిగానే మిగిలి ఉన్నాయి. సంకరం అన్న మాటే ఖాయమై ఉంటే వాటి కోసం వెతికే అవసరం ఎవరికి ఉండేది? మనం గీసే గీతల మీద వాటి ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. నేను పట్టుబట్టేది అందుకే.

మాస్టారు: స్పిక్స్ మకావ్ కూడా బహియాదే కదా.

శిష్యురాలు: అవును. అడవిలో మిగిలిన ఆఖరి మగపక్షి తన జాతి ఆడపక్షి దొరకక, వేరే ప్రజాతికి చెందిన నీలిరెక్కల మకావ్‌తో జత కట్టింది. పిల్లలు మాత్రం బతకలేదు. 2000లో అది కూడా కనిపించకుండా పోయింది. పంజరాల్లో పెంచిన పక్షుల్ని 2022లో మళ్లీ అక్కడే వదిలారు.

(మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రబ్బరు తీసుకుని రామచిలుక మీద మెల్లగా రుద్దడం మొదలుపెట్టారు.)

మాస్టారు: ఎర్రభుజాలదాన్ని మాత్రం మకావ్ అనే రాస్తాను. పిల్లలు దాన్ని ఆ పేరుతోనే వెతుక్కుంటారు.

శిష్యురాలు: రాయండి. దాని నుంచి బంగారు చిలుకకు ఒక గీత గీయండి, చాలు.

మాస్టారు: గీత గీయాలంటే ముందు ఆ చిలుకను గీయాలి కదా. రామచిలుక చోటు ఖాళీ అయింది. పసుపు రంగు ఇటు ఇవ్వు. ఒళ్లంతా ఇదేనా?

శిష్యురాలు: రెక్కల పెద్ద ఈకలు మాత్రం ముదురు ఆకుపచ్చ, మాస్టారూ.