పట్టా లేని విశ్వవిద్యాలయం

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర, ప్రభుత్వం పరిశ్రమల కోసం చదును చేయబోయిన కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల గొడవలో ప్రతి పార్టీ చెట్ల పక్షాన, విద్యార్థుల పక్షాన నిలబడ్డది తానేనని చెప్పుకుంటోంది. ఆ మాట ఎవరి నోట విన్నా మేం నమ్మలేకపోతున్నాం. ఆ భూమి ఇరవై ఏళ్లకు పైగా అందరి చేతుల్లోనూ నలిగింది. అధికారంలో ఉన్నప్పుడు దానికి ధర కట్టినవాళ్లే ప్రతిపక్షంలోకి రాగానే అక్కడి నెమళ్ల గురించి మాట్లాడుతున్నారు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎలా పుట్టిందో మరిచిపోవద్దు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం రగిలాక కేంద్రం ఆరు సూత్రాల పథకం తెచ్చింది. దాన్లో భాగంగా రాజ్యాంగానికి 32వ సవరణ చేసి, 371ఇ అధికరణం చేర్చి, 1974లో పార్లమెంటు చట్టంతో ఈ విశ్వవిద్యాలయాన్ని పెట్టారు. ఊరికి దూరంగా గచ్చిబౌలిలో సుమారు 2,300 ఎకరాలు కేటాయించారు. ఆ భూమిని చట్టప్రకారం యూనివర్సిటీ పేరు మీదకు మార్చే పని మాత్రం ఎవరూ పూర్తి చేయలేదు. యాభై ఏళ్లుగా ఆ పని అలాగే ఉండిపోయింది. ఇప్పటి గొడవకు మూలం అక్కడుంది.

పేరు మార్చలేదు కాబట్టి ఏ ప్రభుత్వానికి ఎంత కావాలంటే అంత తీసుకోవడం సులువైంది. ట్రిపుల్ ఐటీకి కొంత, స్టేడియానికి కొంత, టాటా పరిశోధన సంస్థకు కొంత, బస్ డిపోకు కొంత పోయింది. వీటిలో కొన్ని మంచి అవసరాలే, కాదనం. 2003లో జరిగింది మాత్రం వేరు. అప్పటి చంద్రబాబు ప్రభుత్వం క్రీడా అకాడమీల పేరుతో ఐఎంజీ భారత అనే కొత్తగా పుట్టిన సంస్థకు ఇక్కడ 400 ఎకరాలు, మామిడిపల్లిలో మరో 450 ఎకరాలు కట్టబెట్టింది. ఎకరా 50 వేల రూపాయలకు! హైటెక్ సిటీ లేచిన ఆ రోజుల్లో గచ్చిబౌలిలో ఆ ధర ఎంత దారుణమో రియల్ ఎస్టేట్ తెలిసిన ఎవరినడిగినా చెబుతారు. దానికి బదులుగా యూనివర్సిటీకి గోపనపల్లిలో 397 ఎకరాలు చూపించారు. 2006లో వైఎస్ ప్రభుత్వం ఐఎంజీ కేటాయింపును రద్దు చేసింది. ఆ సంస్థ కోర్టుకెళ్లింది. 2024 మార్చిలో హైకోర్టు, మే నెలలో సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షాన తేల్చాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఒక ప్రైవేటు సంస్థ కోసం క్యాంపస్ నుంచి తీసిన భూమి, ఆ కేటాయింపే చెల్లదని తేలాక, న్యాయంగా ఎవరికి తిరిగి రావాలి? ఈ ప్రశ్న సచివాలయంలో ఎవరికీ తట్టినట్టు లేదు. తీర్పు వచ్చిన వెంటనే, 2024 జూన్‌లోనే, ఆ 400 ఎకరాలను పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ టీజీఐఐసీకి బదలాయించారు. వాటి మీద బాండ్లు పెట్టి సుమారు 10,000 కోట్ల రూపాయల అప్పు తెచ్చారు. 50 వేల కోట్ల పెట్టుబడులు, ఐదు లక్షల ఉద్యోగాలు వస్తాయని అంచనాలు వేశారు. 2024 జూలైలో యూనివర్సిటీ రిజిస్ట్రార్ సమక్షంలోనే సర్వే చేసి హద్దులు తేల్చామని టీజీఐఐసీ తర్వాత ప్రకటించింది. అలాంటి సర్వే జరగలేదని, ప్రాథమిక పరిశీలన మాత్రమే జరిగిందని రిజిస్ట్రార్ కార్యాలయం లిఖితపూర్వకంగా చెప్పింది. ఒక ప్రభుత్వ సంస్థ మాటకూ, ఒక కేంద్ర విశ్వవిద్యాలయం మాటకూ ఇంత తేడా ఉన్నప్పుడు ముందే కాగితాలు ముందు పెట్టుకోవాల్సింది పోయి బుల్డోజర్లు పంపారు.

అదీ ఎప్పుడు? 2025 మార్చి 30, ఆదివారం, ఉగాది. మర్నాడు రంజాన్. కోర్టులకు సెలవులు, హాస్టళ్లలో సగంమంది ఇళ్లకు వెళ్లిన రోజులు. పోలీసు బందోబస్తుతో జేసీబీలు దిగాయి. రాత్రుళ్లు కూడా లైట్లు వేసుకుని చెట్లు కూల్చారు. ఆ యంత్రాల చప్పుడు మధ్య నెమళ్లు అరుస్తున్న వీడియోలు దేశమంతా చూసింది. అడ్డుపడ్డ విద్యార్థులను వ్యాన్లెక్కించారు, లాఠీలు ఝళిపించారు, కేసులు పెట్టారు, ఇద్దరిని జైలుకు పంపారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా కల్పించుకుని పనులు ఆపించేసరికి సుమారు వంద ఎకరాల్లో చెట్లు పోయాయని హైకోర్టు రిజిస్ట్రార్ నివేదికే చెప్పింది. మూడు రోజుల సెలవులు చూసుకుని అంత హడావుడి ఎందుకని ధర్మాసనం అడిగింది. రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిని కోర్టు చర్య నుంచి కాపాడుకోవాలంటే ఆ వంద ఎకరాలను ఎలా పునరుద్ధరిస్తారో చెప్పమంది. మే నెలలో, ఇదంతా ముందే వేసుకున్న పథకంలా కనిపిస్తోందని అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ గవాయ్ వ్యాఖ్యానించారు. మాకూ అలాగే కనిపిస్తోంది. న్యాయం తనవైపు ఉందనుకున్న ప్రభుత్వం పండగ పూట అర్ధరాత్రి పని పెట్టుకోదు.

ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అక్కడ జింకలూ పులులూ లేవని, అభివృద్ధిని అడ్డుకునే గుంటనక్కలే ఉన్నాయని అసెంబ్లీలో అన్నారు. పులులు లేవు, నిజమే. జింకలు లేవనడం మాత్రం ఆ క్యాంపస్‌లో ఒక్క సాయంత్రం నడిచిన ఎవరూ ఒప్పుకోరు. పనులు ఆగిన మర్నాడే ఒక చుక్కల జింక కుక్కల బారిన పడి చనిపోయింది. పుట్టగొడుగు ఆకారంలో నిలిచిన మష్రూమ్ రాక్, పీకాక్ లేక్, బఫెలో లేక్, నక్షత్ర తాబేళ్లు, హైదరాబాద్ పేరు పెట్టుకున్న ఒక సాలీడు జాతి అక్కడివే. కూల్చడానికి ముందు వీటిని లెక్కపెట్టే పని జరగలేదు.

అలాగని ఉద్యమం వైపు నుంచి వచ్చిన ప్రతిదీ నిజమని మేం అనం. ఏఐతో తయారుచేసిన జింకల బొమ్మలు, ఏడుస్తున్న నెమళ్ల వీడియోలు వాట్సాప్‌లో తిరిగాయి. బాగా చదువుకున్నవాళ్లు కూడా వాటిని ఫార్వర్డ్ చేశారు. అది తప్పు. దానివల్ల నష్టపోయింది విద్యార్థులే. నిజమైన డ్రోన్ వీడియోలను కూడా ఫేక్ అని కొట్టిపారేసే అవకాశం ప్రభుత్వానికి చేతికందింది. వంద ఎకరాలు నేలమట్టమైన మాటను పక్కనపెట్టి, చర్చనంతా ఎవరు ఏ బొమ్మ షేర్ చేశారన్నదాని మీదకు మళ్లించారు. ఒక సీనియర్ ఐఏఎస్ అధికారిణికి సైతం పోలీసు నోటీసు వెళ్లింది. బొమ్మ అబద్ధమైతే ఆ మాట చెప్పాలి. దాన్ని సాకుగా చూపి నరికివేతను దాచకూడదు.

ఇక పార్టీల సంగతి. బీఆర్ఎస్ తాము మళ్లీ వస్తే ఆ నాలుగు వందల ఎకరాలను ఎకో పార్క్ చేస్తామంటోంది. తొమ్మిదిన్నరేళ్లు అధికారంలో ఉన్నప్పుడు యూనివర్సిటీకి హక్కు పత్రం ఎందుకివ్వలేదు? కోకాపేటలో 2023 ఆగస్టులో ఎకరా వంద కోట్లు పలికిందని సంబరపడింది వాళ్లే. అప్పుడు ప్రభుత్వ భూముల అమ్మకాన్ని తిట్టిపోసిన కాంగ్రెస్, ఏరు దాటాక తెప్ప తగలేసి అదే వేలం బాట పట్టింది. 2016లో రోహిత్ వేముల మరణం తర్వాత రాహుల్ గాంధీ ఇదే క్యాంపస్‌కు వచ్చి విద్యార్థులతో నిరాహార దీక్షలో కూర్చున్నారు. బుల్డోజర్లు వచ్చిన ఆ నాలుగు రోజుల్లో ఆయన గొంతు ఆ విద్యార్థులకు వినపడలేదు. అడవుల మీద కాంగ్రెస్ బుల్డోజర్లు నడుపుతోందని ప్రధాని హరియాణా సభలో విమర్శించారు. బాగుంది. ఇది కేంద్ర విశ్వవిద్యాలయం. 2014 నుంచి ఢిల్లీలో ఉన్నది ఆయన ప్రభుత్వమే. ఆ భూమికి పట్టా ఇప్పించే ప్రయత్నం ఒక్కటైనా చేశారా? ఛత్తీస్‌గఢ్‌లో హస్‌దేవ్ అడవిని బొగ్గు కోసం నరుకుతున్నప్పుడు ఈ ఆవేదన ఏమైంది? తెలుగుదేశం సంగతి వేరే చెప్పక్కర్లేదు, ఈ కథ మొదలైంది వాళ్ల సంతకంతోనే.

కోర్టుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. గచ్చిబౌలి చెట్లను సుప్రీంకోర్టు కాపాడినందుకు మేం మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నాం. అదే సమయంలో, రాజేంద్రనగర్‌లో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వంద ఎకరాలు తీసింది తెలంగాణ హైకోర్టు కొత్త భవనం కోసమే. 2024 జనవరిలో దానికి వ్యతిరేకంగా ఆందోళన చేసిన ఒక విద్యార్థినిని స్కూటీ మీద వెళ్తున్న మహిళా కానిస్టేబుళ్లు జుట్టు పట్టి లాగారు. మార్చిలో శంకుస్థాపన జరిగింది. పంటల మీద, నేలల మీద ప్రయోగాలు చేసుకోవాల్సిన యూనివర్సిటీ భూమిని ఖాళీ స్థలంగా చూడటం ఒక్క ప్రభుత్వాలకే పరిమితం కాలేదు.

నిరసనను అణచడంలోనూ ఇదే వరస. 2025 మార్చిలోనే ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో ధర్నాలు, ఆందోళనలు చేయొద్దని సర్క్యులర్ వచ్చింది. తెలంగాణ ఉద్యమానికి గుండెకాయలాంటి ఉస్మానియాలో! ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్న విద్యార్థుల పోరాటంతో వచ్చిన రాష్ట్రం ఇది. ప్రజాస్వామ్యమే తమ ఏడో గ్యారంటీ అని చెప్పుకున్న ప్రభుత్వం ఇది. విద్యార్థుల మీద కేసులు ఎత్తేయాలని ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క తర్వాత ఆదేశించారు. ఆయన ఇదే యూనివర్సిటీలో చదువుకున్నవారు. మంచి పనే. అసలు ఆ కేసులు పెట్టాలనుకున్నది ఎవరో కూడా బయటికి రావాలి.

సుప్రీంకోర్టులో ఈ విషయం ఎలా తేలినా, మేం అడిగేది ఒక్కటే. యూనివర్సిటీ చేతిలో ఇప్పుడున్న ప్రతి ఎకరాన్నీ, ఈ నాలుగు వందలతో కలిపి, సర్వే నంబర్లతో సహా దాని పేరు మీద రాసివ్వాలి. గోపనపల్లిలో బదులుగా చూపించిన భూమి లెక్కా అప్పుడే తేల్చాలి. చెరువులు, రాళ్లు, చెట్లున్న భాగాన్ని కట్టడాలకు వీల్లేని ప్రాంతంగా నోటిఫై చేయాలి. అభివృద్ధికి స్థలం లేదన్న మాట మేం ఒప్పుకోం. ఐటీ కారిడార్ చుట్టూ కట్టి ఖాళీగా ఉంచిన ఆఫీసు అంతస్తుల లెక్క ముందు తీయండి. ఇది ఎన్నికల హామీల్లో చేర్చాల్సిన పని కాదు, రెవెన్యూ శాఖ కొద్ది వారాల్లో చేయగలిగిన పని. వచ్చే శాసనసభ సమావేశాల్లో దీనిపై తీర్మానం పెట్టమని అధికార పక్షాన్ని, పెట్టకపోతే తామే పెడతామని చెప్పమని బీఆర్ఎస్, బీజేపీలను అడుగుతున్నాం. ఓటింగ్ రోజున ఎవరు ఎటు చేయెత్తారో, ఎవరు సభలో లేకుండా పోయారో పేర్లతో సహా అచ్చువేస్తాం.