ముందు వరుస గారికి ఒక జవాను తల్లి విజ్ఞప్తి

మహారాజశ్రీ యుద్ధరంగపు ముందు వరుస గారి దివ్యసముఖానికి,

ఆమదాలవలస దగ్గర పల్లె నుంచి ఒక జవాను తల్లి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. అంటే ఇక్కడ మేము క్షేమం, అక్కడ మా అబ్బాయిని మీరు క్షేమంగా చూసుకుంటున్నారని నమ్మకం. ఈ విజ్ఞప్తి, ఆడపిల్లలకు మీ దగ్గర చోటు లేకపోవడం గురించి.

మీరు నాకు కొత్త కాదు. మా ఊరి పెళ్ళిళ్ళలో మీ దగ్గరి చుట్టం ఒకాయన ఉన్నాడు, మొదటి బంతి అని. అందులో మగవాళ్ళే కూర్చోవాలని ఎక్కడా రాసిలేదు. ఆడది కూర్చుంటే మాత్రం పందిరి కూలుతుందన్నట్టు చూస్తారు. మేము వడ్డిస్తాం, ఎంగిలాకులు తీస్తాం, చివరికి గంగాళం అడుగున మిగిలిన పులిహోర తింటాం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. మా దగ్గర వడ్డించేదీ మేమే, కడబంతీ మాదే. ఆ సామెత కట్టినాయన ఏనాడూ గరిటె పట్టి ఉండడు.

మూడేళ్ళ కిందట మా అబ్బాయి పదాతి దళంలో చేరాడు. నల్ల ట్రంకు పెట్టె మీద తెల్లరంగుతో పేరు రాయించి శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో రైలెక్కించాం. ఊరు ఊరంతా వచ్చింది. మిఠాయిలు పంచారు. చలికి తట్టుకుంటాడా, శత్రువుకు చిక్కితే ఏమవుతాడు అని ఒక్కరూ అడగలేదు. ఆ రాత్రి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను గాని, అది మీకు అనవసరం.

ఇప్పుడు వాడి చెల్లెలు బయలుదేరింది. తెల్లవారుజామున నాలుగున్నరకు రోడ్డు మీద పరుగు. వెనక నేను స్కూటీ మీద, కాళ్ళ దగ్గర కుక్కల కోసం ఒక కర్ర. గడియారం చూసే పని కూడా నాదే. మైలురాయి దగ్గర అది ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఊపిరి అందక మాట రాక వేళ్ళతోనే ఎంత అని అడుగుతుంది. 1.6 కిలోమీటర్లకు ఆరు నిమిషాల యాభై సెకన్లు. సైన్యం పరుగు పరీక్షలో ఆడపిల్లలు మొదటి గ్రూపులోకి రావడానికి ఏడున్నర నిమిషాలు చాలు. దానికి అంతటితో తృప్తి లేదు. సైన్యంలో జవానుగా చేరాలంటే దానికి కనిపిస్తున్న తలుపు మిలిటరీ పోలీసు దళానిది. దాని చూపు మాత్రం అన్న ఉన్నచోట, అంటే మీ మీద ఉంది.

అంతే, రామమందిరం అరుగు మీద యుద్ధ నిపుణులు పుట్టుకొచ్చారు. కొడుకు వెళ్ళినప్పుడు లేని కరుణ ఒక్కసారిగా పొంగింది. దెబ్బ తిన్న జవానును ఆడపిల్ల భుజాన వేసుకుని మోయగలదా అన్నాడొకాయన. ఆ అరుగుకు కూతవేటు దూరంలోని ఊసవానిపేట పిల్ల కర్ణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒక్క ఎత్తులో 130 కిలోలు తల మీదికి లేపింది. ఆయన బియ్యం బస్తా దింపడానికి కూలీని పిలుస్తాడు. ప్రతి ఆడపిల్లా మల్లీశ్వరి కాదు, ఒప్పుకుంటాను. ప్రతి మగపిల్లాడూ పహిల్వాను కోడి రామ్మూర్తి కాదు కదా! అయినా వాడికి పరీక్ష పెడతారు, దీనికి తలుపు వేస్తారు. అబ్బాయిలు ఐదున్నర నిమిషాల్లో పరుగెత్తేది మా అమ్మాయి పరుగెత్తలేదు. మీ దగ్గరికి రావడానికి అదే కొలత అంటే అదే పెట్టండి, తప్పితే ఇంటికి వస్తుంది. కొలతబద్ద చూపించకుండానే పొట్టి అనడం మాత్రం ఏ దుకాణంలోనూ చెల్లదు.

ఇంకొకాయన గొంతు తగ్గించి, బందీగా దొరికితే, అన్నాడు. ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోటలో ఆడవాళ్ళెవరూ ముందు వరుసలో లేరు. లోపల, అందరికంటే భద్రంగా ఉన్నారు. కోట పడిపోతుందని తేలాక, పరాయివాళ్ళకు చిక్కకూడదని సొంతవాళ్ళే వాళ్ళనూ పిల్లలనూ చంపారు. మీ వెనక దాచిన ఆడదానికి అక్కడ దొరికిన రక్షణ అది. మీరైనా గీసినచోట ఉంటారా అంటే అదీ లేదు. 2025 మేలో కశ్మీరు సరిహద్దు దగ్గర పూంచ్‌లో గుండ్లు ఇళ్ళ మీద పడ్డాయి. వంటగదిలోకి వచ్చేటప్పుడు మీరు ఎవరి అనుమతీ అడగరు.

మీ లెక్కలు నాకు అంతుపట్టవు. 1992లో డాక్టర్లూ నర్సులూ కాని ఆడవాళ్ళను కూడా అధికారులుగా చేర్చుకున్నారు. 1999లో గుంజన్ సక్సేనా కార్గిల్ మీద హెలికాప్టర్ నడిపింది. 2016లో ముగ్గురికి యుద్ధ విమానాలు ఇచ్చారు. 2023లో ఐదుగురిని శతఘ్ని దళంలోకి, అంటే ఫిరంగులు పేల్చే దళంలోకి, తీసుకున్నారు. కొండ అవతల పడే గుండు పేల్చవచ్చు, ఆ కొండ ఎక్కే పదాతి దళానికీ ట్యాంకుల దళానికీ మాత్రం ఆడగాలి సోకకూడదు! నార్వేలో 1985లోనే జలాంతర్గాములతో సహా అన్ని తలుపులూ తీశారట. అది చలిదేశం, తలుపు తీస్తే వణుకు పుట్టాలి. అయినా తీశారు.

నాకు బాగా నచ్చింది మాత్రం మన ప్రభుత్వం సుప్రీంకోర్టులో చెప్పిన కారణం. జవాన్లలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, ఆడ అధికారి ఆజ్ఞను అంగీకరించడానికి మానసికంగా సిద్ధంగా లేరు అని. 2020 ఫిబ్రవరి 17 తీర్పులో కోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, మహిళా అధికారులకు శాశ్వత కమిషన్, అంటే రిటైరయ్యేదాకా కొలువు, ఇవ్వమంది. అయ్యా, ఆ పల్లె జవాను మా వాడే. పద్దెనిమిదేళ్ళు వాడు విన్నవన్నీ ఆడవాళ్ళ ఆజ్ఞలే. వాళ్ళ నాయనమ్మ లేవమంటే లేచాడు, పంతులమ్మ గుంజిళ్ళు తీయమంటే తీశాడు, నేను కంచం కడగమంటే గొణుక్కుంటూ కడిగాడు. వాళ్ళ నాన్న మాట విన్నట్టు నాకైతే గుర్తులేదు. వాడిని మీకు అప్పగించినప్పుడు శిక్షణలో సగం పూర్తయ్యే ఉంది.

ఫోనులో వాడిని అడిగాను, చెల్లిని అటు పంపమంటావా అని. చాలాసేపు మాట్లాడలేదు. "వద్దమ్మా" అన్నాడు. అది ఆడపిల్ల అనా అన్నాను. "కాదు, ఇక్కడ రాత్రులు బాగుండవు" అన్నాడు. ఇన్నాళ్ళలో నేను విన్న ఒకే ఒక్క నిజమైన కారణం అది. అదే కారణానికి వాడిని కూడా వెనక్కి పంపుతారా మరి? పంపరు. అందుకే దానినీ ఆపలేకపోతున్నాను.

ఇట్లు,
ఒక జవాను తల్లి, కాబోయే ఇంకో జవానుకు డ్రైవరు

తా.క. వచ్చే నెల మా మరిది కూతురి పెళ్ళి. అమ్మాయీ నేనూ మొదటి బంతిలో కూర్చుంటున్నాం. పందిరి కూలితే రాస్తాను.