గొట్టం వేసి ఇంటికి పంపితే సరిపోదు

పక్షవాతం వచ్చినవారికి, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) గానీ డిమెన్షియా (మతి క్షీణించే జబ్బు) గానీ ముదిరినవారికి మింగడం కష్టమవుతుందని వైద్యులందరికీ తెలుసు. అయినా మింగుడును పరీక్షించకుండానే రోగిని డిశ్చార్జి చేయడం మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ మామూలే.

ఇక ఇంట్లో జరిగేది చూడండి. అన్నం గొంతు దిగడం లేదని చారు పోసి పలచగా కలుపుతారు; పొలమారితే ఎవరో తలచుకుంటున్నారంటూ నెత్తిన తట్టి, గ్లాసెడు నీళ్లు పట్టిస్తారు. ప్రేమతో చేసే ఈ రెండు పనులూ ప్రమాదకరమే. మింగే శక్తి మందగించిన గొంతులో పలచని ద్రవం, శ్వాసనాళం మూసుకునేలోపే అందులోకి జారిపోతుంది. చారన్నంలోనైతే మెతుకు ఇంకా నోట్లో ఉండగానే చారు ముందుగా దిగిపోతుంది. ఒకే చిక్కదనంతో ఉండే రాగి జావ, మెత్తగా మెదిపిన పప్పన్నం చాలామందికి సులువు. ఆహారం శ్వాసనాళంలోకి జారినా కొందరికి దగ్గు కూడా రాదు. తిన్నాక గొంతు గరగరలాడుతుంది, తరచూ జ్వరం వస్తుంది, చివరికి న్యుమోనియా అని తేలుతుంది. ఎవరికి ఏ చిక్కదనం సరిపోతుందో, గడ్డం వంచి మింగడం ఎవరికి మేలో పరీక్షించి చెప్పగలిగేది స్పీచ్ థెరపిస్టు. మాట బాగానే ఉంది కదా, ఆయన దగ్గరికెందుకని ఇంటివాళ్లు అడిగితే తప్పు వాళ్లది కాదు, చెప్పనివారిది.

ముక్కులోంచి కడుపులోకి ఆహారం పంపే గొట్టం ఉంటే భయం లేదనేవారున్నారు. పక్షవాతం తొలి రోజుల్లో అది ప్రాణం నిలబెడుతుంది, కాదనను. కానీ లాలాజలం గానీ, కడుపులోంచి ఎగదన్నే ఆహారం గానీ ఊపిరితిత్తుల్లోకి పోకుండా గొట్టం ఆపలేదు. ముదిరిన డిమెన్షియాలో గొట్టం కంటే ఓపికగా చేత్తో తినిపించడమే మేలని వృద్ధుల వైద్య నిపుణుల సంఘమైన అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ సిఫారసు చేసింది.

మైసూరులో 1965లోనే అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వెలిసింది కనుక ఈ విద్య మనకు కొత్త కాదు. లేనిది దానికి విలువనిచ్చే బుద్ధి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచి మన పాలకులు ఆపరేషన్ల లెక్కలే చెబుతున్నారు. ఆ తర్వాత మంచం పక్కన సాగే చాకిరీ, అంటే ప్రతి ముద్ద దిగేదాకా ఆగడం, బుగ్గలో మెతుకులు మిగిలాయేమో చూడటం, తిన్నాక అరగంట నిటారుగా కూర్చోబెట్టడం, పూటపూటా నోరు శుభ్రం చేయడం, కోడళ్లూ కూతుళ్లూ జీతం లేకుండా చేస్తారులే అన్న ధీమా అందరిదీ. ముందు ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఒక స్పీచ్ థెరపిస్టు పోస్టు నింపండి. డిశ్చార్జి కాగితంలో మందుల పక్కనే ఆహారం ఎంత చిక్కగా ఉండాలో రాయండి.