నరకం ఎవరికి చెప్పిన మాట?

నరసాపురం నుంచి అమలాపురం దాకా గోదావరి డెల్టా ఊళ్లలో జరిగే సువార్త సభల్లో నరకం ప్రస్తావన రానివి అరుదు. ఆరని అగ్ని, చావని పురుగు, ఏడ్పు, పండ్లు కొరుకుట. ఇవి యేసు స్వయంగా చెప్పిన మాటలే. పరలోకం ఉందని, నరకం ఉందని నేనూ నమ్ముతాను. కానీ ఈ మాటలు ఆయన ఎవరిని ఉద్దేశించి అన్నాడో, మనం ఎవరి మీద ప్రయోగిస్తున్నామో చూస్తే మనసు ఊరుకోదు.

లూకా సువార్త 16వ అధ్యాయంలో ధనవంతుడు, లాజరు కథ ఉంది. ధనవంతుడు హత్య చేశాడని అందులో లేదు, దేవుణ్ని కాదన్నాడనీ లేదు. అబ్రాహామును ‘తండ్రీ’ అని పిలిచే మనిషి, అంటే మన భాషలో విశ్వాసుల ఇంట పుట్టినవాడు. రోజూ సుఖంగా బతికాడు, వాకిట్లో కురుపులతో పడి ఉన్న లాజరును పట్టించుకోలేదు. అంతే. కథలో పేదవాడికి పేరుంది, ధనవంతుడికి లేదు. అగ్నిజ్వాలలో అతడు అడిగింది వేలి కొనతో ముంచి తెచ్చే నీటి చుక్క. మత్తయి 25లో తీర్పు కూడా ఇలాగే ఉంటుంది: ఆకలేస్తే అన్నం పెట్టారా, దాహమేస్తే నీళ్లిచ్చారా? అపవాదికీ, అంటే సాతానుకూ, వాడి దూతలకూ సిద్ధం చేసిన నిత్యాగ్నిలోకి పొమ్మన్నది ఇవేవీ చేయని వాళ్లను.

దాహం సంగతి డెల్టా వాళ్లకు ఒకరు చెప్పాలా? భీమవరం, ఉండి ఊళ్ల వైపు ఎటు చూసినా చేపల, రొయ్యల చెరువులే. వాటి మురుగు కాలవల్లో కలుస్తుంది. కింది ఊళ్లలో కూలి పని చేసుకునే ఇంట్లో కూడా తాగేది కొనుక్కున్న టిన్ను నీళ్లే. ఈ వాక్యాన్ని ఆ చెరువుల దాకా తీసుకెళ్లిన ప్రసంగం నేనింతవరకు వినలేదు. మన మైకుల్లో నరకానికి పోయేవాళ్లు ఎప్పుడూ సినిమాకెళ్లిన కుర్రాడు, బొట్టు తీయని కోడలు, కల్లు తాగే కూలీ.

చావు తర్వాతి సంగతులు చెప్పే ఈ ఆత్రానికి చరిత్ర కూడా ఉంది. విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే మిషనరీలు ఇంగ్లండ్ నుంచి మన దేశానికి వచ్చింది 1836లో. వాళ్లు బ్రదరెన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ వాళ్లు. ప్రభువు రాకడ దగ్గర పడిందన్న ఎదురుచూపు ఆ ఉద్యమంలో మొదటి నుంచీ బలంగా ఉంది. సంఘం (విశ్వాసులు) పరలోకానికి ఎత్తబడటం, ఏడేళ్ల శ్రమలు, క్రీస్తు వెయ్యేళ్ల పాలన అనే వరస మన ఊళ్లలో పిల్లలకు కూడా నోటికొచ్చిందంటే అదొక పెద్ద కారణం. లూథరన్ల బోధలో ఈ వరస లేదు. కథోలికులైతే చనిపోయాక ఆత్మలు శుద్ధి పొందే ఉత్తరించు స్థలాన్ని నమ్ముతారు, చనిపోయినవారి కోసం ప్రార్థిస్తారు. కథోలికుల బైబిల్లో కొన్ని పుస్తకాలు ఎక్కువున్నా, అందరూ చదివే సువార్తలు ఒకటే. కాబట్టి చావు తర్వాత జరిగేదంతా తేదీలతో సహా తెలిసినట్టు మాట్లాడేవాళ్ల దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండటం అవిశ్వాసం కాదు.

సాతాను విషయంలో నాకు ఇంకా భయం. ఫిట్స్ వస్తే సాతాను, షుగర్ పెరిగితే సాతాను, మందులు మానేసి ఉపవాస ప్రార్థనకు రమ్మంటే వెళ్లేవాళ్లున్నారు. కష్టాలపాలైన నీతిమంతుడి కథ చెప్పే యోబు గ్రంథంలో సాతాను ఉన్నాడు, నిజమే. కానీ చివర్లో దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, నీ పాపం వల్లే నీకీ గతి అని వాదించిన అతని స్నేహితుల మీద. 1996 నవంబరు తుపాను కోనసీమలో వందల ప్రాణాలు తీసింది. అలాంటి చావుల్ని దేవుని శిక్ష అనేవాళ్లు సిలోయము గోపురం కూలి చచ్చిన పద్దెనిమిది మంది గురించి యేసు ఏమన్నాడో చదవాలి. వాళ్లు మిగతా యెరూషలేము వాళ్ల కంటే పాపులు కారన్నాడు.

మా బంధువుల ఇంట ఒక భూస్థాపనలో, ఇతను మారుమనసు పొందకుండానే పోయాడని సమాధి పక్కన మైకులో అన్నారు. తల్లి అక్కడే కూర్చుని ఉంది. యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగకు చివరి గంటల్లో పరదైసు దొరికిన సంగతి ఆ బోధకుడికి తెలియదా? ఒక మనిషి ఆఖరి ఊపిరిలో దేవుడితో ఏం మాట్లాడాడో బయటివాడు ఎలా చెప్పగలడు? థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయంలో పౌలు మరణం గురించి రాసి, ఈ మాటలచేత ఒకరినొకరు ఆదరించుకోమన్నాడు. భూస్థాపన దగ్గర ఆ అధ్యాయం చదివితే చాలు. నరకం గురించి చెప్పాలనుకుంటే సంఘ పెద్దలు, పెద్ద కానుకలిచ్చేవాళ్లు ముందు వరసలో కూర్చునే వార్షిక సభలో లూకా 16 తీసి చెప్పాలి. ఎవరి చెరువు నీళ్లు ఏ కాలవలో పడుతున్నాయో, దాని దిగువన ఎవరు తాగుతున్నారో కూడా అడగాలి.