ఎడారికి ఒక్క ఎస్ చాలు

రాయదుర్గం వైపు ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. ఈమధ్య తొమ్మిదో తరగతి పిల్లలను చుట్టుపక్కల చూసిన చోటు గురించి పది వాక్యాలు రాయమన్నాను. ఒక అమ్మాయి బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు ఇసుక దిబ్బల గురించి రాసింది. వేదవతి ఇసుక గాలికి లేచి పొలాల్లో మేటలు వేయడం, వాళ్ల తాత శెనక్కాయ చేను సగం పూడిపోవడం, అన్నీ కళ్లకు కట్టాయి. కానీ ఎడారి అనాల్సిన ప్రతిచోటా డెజర్ట్ స్పెల్లింగులో రెండు ఎస్‌లు పెట్టింది. అలా రాస్తే భోజనం చివర తినే తీపి అవుతుంది.

ఎర్ర సిరాతో సున్నా చుట్టబోయి, పిలిచి అడిగాను. "రెండూ ఒకే మాదిరి పలుకుతాయి కదా సార్" అంది.

నిజమే, మన చెవికి అవి ఒకటే. ఇంగ్లీషువాళ్లు ఎడారి అనేటప్పుడు ముందు భాగాన్ని, తీపి అనేటప్పుడు వెనక భాగాన్ని నొక్కి పలుకుతారు. అలా నొక్కడంతో అర్థం మారిపోయే పద్ధతి తెలుగులో లేదు. లూజ్ అని మనం పలికే రెండు మాటల సంగతీ అంతే. వదులు అనే మాట చివర వాళ్లకు 'స' వినిపిస్తుంది, పోగొట్టుకోవడం అనే మాట చివర 'జ'కు దగ్గరి ధ్వని వినిపిస్తుంది. చొక్కా లూజు అనే మనకు రెండూ 'జ'లే. పైగా దీర్ఘం వినబడుతోందని పిల్లలు రెండు ఓలు వేస్తారు. పోగొట్టుకోవడానికి ఒక్క ఓ చాలు. రెండూ డిక్షనరీలో ఉన్న మాటలే కాబట్టి ఫోన్ కూడా చాలాసార్లు తప్పు పట్టదు. ఇన్ని కారణాలుండగా అజాగ్రత్త అని మార్కులు కోసేయడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

ఇలా కలిసిపోయే మాటల జంటలు యాభై పట్టికగా రాసి బట్టీ పట్టించడం వల్లా లాభం లేదు. పరీక్ష అయిన మర్నాటికే కలిసిపోతాయి. మాట వెనక కథ చెబితే నిలుస్తుంది. మధ్యయుగాల యూరప్‌లో సరుకు అమ్మేవాళ్లలో చాలామంది ఊరూరూ తిరిగేవారు. యూనివర్సిటీల దగ్గర ఒకేచోట అంగడి పెట్టుకుని పుస్తకాలు అమ్మేవాణ్ని స్టేషనర్ అన్నారు, అంటే కదలకుండా ఉన్నవాడని. కాగితాలూ కలాల స్టేషనరీ అక్కడి నుంచే వచ్చింది. కదలనిది అనే మాటనూ స్టేషనరీ అనే పలుకుతారు. తర్వాత ఈ రెండింటి స్పెల్లింగులు విడిపోయి కదలనిదానికి ఏ, కాగితాలకు ఇ మిగిలాయి. ఈ కథ విన్న వారానికే ఒక పిల్లవాడు అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఒక అంగడి బోర్డు మీద ఇ ఉండాల్సిన చోట ఏ ఉందని చూసొచ్చి చెప్పాడు.

ప్రిన్సిపల్, ప్రిన్సిపుల్ అనే మాటల జంట చెప్పేముందు నేను తెలుగు ఫ్లెక్సీ ఒకటి గుర్తుచేస్తాను. "బహుమతుల ప్రధానోత్సవం" అని ఎన్నిచోట్ల చూడలేదూ! ఇవ్వడం ప్రదానం, ముఖ్యమైనది ప్రధానం. ఒక్క ఒత్తుతో అర్థం మారింది. మన మాటలోనే చెవి మోసపోతుంటే పరాయి మాటలో మోసపోవడం వింత కాదని పిల్లలకు ధైర్యం వస్తుంది. ఆ తర్వాత బడికి ప్రధానమైన మనిషికి చివర ఏ ఎల్, సూత్రానికి ఎల్ ఇ అంటే చటుక్కున పట్టుకుంటారు.

ఇందుకు ఇంగ్లీషు పీరియడులో తెలుగు మాట్లాడాలి. తెలుగు వినబడకూడదనే బడులు పిల్లల చేతిలో ఉన్న పనిముట్టును లాగేసుకుంటున్నాయి.

ఆ అమ్మాయికి డెజర్ట్ కథ కూడా చెప్పాను. ఎడారి అనే మాట లాటిన్‌లో విడిచిపెట్టడం అనే మాట నుంచి వచ్చింది, అంటే జనం వదిలేసిన నేల. అదే స్పెల్లింగుతో, విడిచి వెళ్లిపోవడం అనే క్రియ కూడా ఉంది. మర్నాడు దిద్ది తెచ్చిన కాగితంలో ప్రతి ఎడారికీ ఒక్కటే ఎస్ ఉంది. కింద పదకొండో వాక్యం కొత్తగా చేరింది: ఇసుక వచ్చినాక మా వీధిలో మూడు ఇళ్లవాళ్లు బెంగళూరుకు పోయారని. ఆ పోవడానికీ ఆమె అదే మాట వాడింది.