మైకేల్ ఓహర్‌కి ఆట నేర్పింది ఆవిడేనట!

ఆ మెసేజ్ మా ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి మా పెదనాన్నగారు కూడా "చదివితే కన్నీళ్లు ఆగలేదురా" అంటూ పంపారు. ఆయనకి ఏం చెప్పలేక నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. మిగతావాళ్లకి ఆ మర్యాద లేదు.

ఇంకా అందనివాళ్ల కోసం అందులో ఏముందో చెప్తాను. అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్లో మైకేల్ ఓహర్ అనే అనాథ కుర్రాడు. చలిలో సరైన కోటు కూడా లేకుండా నడిచి పోతుంటే ఒక కోటీశ్వరురాలు కారు ఆపి ఇంటికి తీసుకెళ్లింది, దత్తత చేసుకుంది. "కొండంత శరీరం, బుర్ర మాత్రం అంతంతే. ఫుట్‌బాల్ అంటే ఏమిటో కూడా తెలియదు." ఆ తల్లి ఓ రోజు గ్రౌండ్‌లోకి నడిచి వెళ్లి, "నీ వెనకున్నవాణ్ణి మీ అమ్మే అనుకుని కాపాడు" అని ఒక్క మాట చెప్పిందట. అంతే! క్వార్టర్‌బ్యాక్ (అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరే ముఖ్య ఆటగాడు) ఎడమవైపుకి కాపలా కాసి లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచేశాడు, ఏడాదికి వంద కోట్లు, ఆస్కార్ సినిమా. చివర్లో షరా మామూలే: ప్రేమతో మట్టి కూడా బంగారమవుతుంది, పదిమందికి పంపండి.

నేనుండేది అమెరికాలోని షార్లెట్‌లో. ఓహర్ ఇక్కడి ఫుట్‌బాల్ టీము పాంథర్స్‌కి ఆడాడు. ఆదివారమైతే నీలం జెర్సీ వేసుకుని తిరిగే తెలుగువాళ్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు. ఆటంటే తెలియనివాళ్లు పంపితే పోనీలే అనుకుంటాం. అతను ఆడుతుంటే చూసినవాళ్లే పంపుతుంటే ఒళ్లు మండుతుంది.

ముందు మెసేజ్‌తో వచ్చిన ఫోటో సంగతి. అందులో ఉన్నది ఓహర్ కాదు, అతని కథతో తీసిన "ది బ్లైండ్ సైడ్" సినిమాలో ఆ వేషం వేసిన క్వింటన్ ఆరన్. పక్కనున్న "తల్లి" సాండ్రా బుల్లక్. సినిమా 2009లో వచ్చింది, మరుసటి ఏడాది ఆవిడకి ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది. ఫోటో గురించి ఇంతకంటే మాట్లాడను.

"అనాథ." కాదు. 1986లో పుట్టాడు, తల్లికి పన్నెండుమంది పిల్లలు. తల్లి బతికే ఉండేది, మాదకద్రవ్యాల అలవాటులో ఉండేది. అందుకే ప్రభుత్వం పిల్లల్ని తీసుకెళ్లి ఫోస్టర్ ఇళ్లలో (ప్రభుత్వం తరఫున పిల్లల్ని పెంచే కుటుంబాల్లో) పెట్టింది. మొదటి తొమ్మిదేళ్ల చదువులో పదకొండు స్కూళ్లు మారాడు. బ్రయర్‌క్రెస్ట్ అనే ప్రైవేటు క్రైస్తవ స్కూలుకి అతన్ని తీసుకెళ్లింది కూడా కోటీశ్వరురాలు కాదు, ఒక కార్ల మెకానిక్. తన కొడుకుని చేర్పించడానికి వెళ్తూ, తన దగ్గర తలదాచుకుంటున్న ఈ కుర్రాణ్ణీ వెంటబెట్టుకెళ్లాడు. ఆయన మన మెసేజ్‌లో ఎక్కడా లేడు. ఉంటే కారాపే సీను బరువు తగ్గిపోతుంది కదా.

ఇక నన్ను ఇదంతా రాయడానికి కూర్చోబెట్టిన ముక్క: ఫుట్‌బాల్ తెలియదు, బుర్ర అంతంతే, తల్లి ఒక్క మాటతో మొత్తం వచ్చేసింది.

దీన్ని నేరుగా సినిమాలోంచి ఎత్తారు. అందులో ఆ ఇంటి చిన్న పిల్లాడు సాస్ సీసాలు బల్ల మీద పేర్చి ఓహర్‌కి ఆట వివరిస్తాడు. అసలు ఓహర్ దీనికి 2011లోనే, తన ఆత్మకథలో జవాబు చెప్పాడు. తనని మందబుద్ధిలా చూపించడం బాధపెట్టిందన్నాడు. చిన్నప్పటి నుంచీ ఆటని శ్రద్ధగా గమనిస్తూ నేర్చుకుంటూ వచ్చానని, ఎవరో కూర్చోబెట్టి చెప్పాల్సిన పని లేదని రాశాడు. మైకేల్ జోర్డన్‌ని టీవీలో చూసిన వయసులోనే ఆటగాణ్ణవుతానని తీర్మానించుకున్నవాడు. పుస్తకం వచ్చి ఇన్నేళ్లయినా సాస్ సీసాలే తిరుగుతున్నాయి.

ఆ "ఒక్క మాట" ఏ పనికి సరిపోయిందంటున్నారో ఆ పని దగ్గర్నించి చూద్దాం. లెఫ్ట్ టాకిల్, అంటే క్వార్టర్‌బ్యాక్‌కి ఎడమవైపు కాపలా కాసేవాడు, వంగి నిలబడి ఉంటాడు, 140 కిలోల మనిషి. అతనికి కాస్త బయటగా, క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడానికొచ్చే ఎదుటి టీము పాస్ రషర్, 120 కిలోలవాడు, పరుగుపందెం మొదలవబోతున్నట్టు వేళ్లు నేలకానించి ఉంటాడు. బంతి కదిలిందంటే వాడు ముందుకి దూకుతాడు, టాకిల్ వెనక్కి పోవాలి. అలాగని వెనక్కి పరిగెడితే అయిపోయినట్టే. ఎడమకాలు వెనక్కి వేసి, కుడికాలు నేల విడవకుండా దాని వెంట జరపాలి. నడుము దించి ఉండాలి, వీపు వాలకూడదు, బరువు మడమల మీద పడకూడదు. చేతులు తొందరపడి చాస్తే ఎదుటివాడు వాటిని చరిచి పక్కనుంచి దూరిపోతాడు. ఆలస్యమైతే ఛాతీ మీదకొచ్చి నెట్టుకుంటూ క్వార్టర్‌బ్యాక్ ఒళ్లోకి తోసేస్తాడు. చెయ్యి పక్కకి జారి జెర్సీ గుంజిందా, హోల్డింగ్, పది గజాలు వెనక్కి. ఇదంతా రెండున్నర మూడు సెకన్లలో. మ్యాచ్‌లో ఓ ముప్ఫై నలభైసార్లు.

ఇంకా బంతి కదలకముందు చెయ్యాల్సిన పని చెప్పలేదు. ఎదుటివాళ్లలో ఎవరు నిజంగా మీదకొస్తున్నారు, ఎవరు వస్తున్నట్టు నటించి వెనక్కి తగ్గుతారు, ఇద్దరొస్తే నేనెవర్ని పట్టాలి, పక్కన నిలబడే గార్డ్ అనే ఆటగాడు ఎవర్ని పట్టాలి, ఇదంతా ఆ కొద్ది సెకన్లలో తేల్చుకోవాలి. పైగా పరాయి స్టేడియం అయితే ఆ హోరులో పక్కవాడి మాట కూడా వినపడదు. బంతిని వెనక్కి అందించే సెంటర్ తల కదిలించడాన్ని బట్టి లెక్కపెట్టుకోవాలి. అరక్షణం ముందు కదిలితే ఫాల్స్ స్టార్ట్ అని పెనాల్టీ, ఆలస్యమైతే క్వార్టర్‌బ్యాక్ నేల మీద. 1985లో లారెన్స్ టేలర్ అనే పాస్ రషర్ మీదపడిన ఒక్క దెబ్బకి క్వార్టర్‌బ్యాక్ జో థైస్మన్ కాలు విరిగింది, మళ్లీ ఆడలేదు. కుడిచేతి క్వార్టర్‌బ్యాక్‌కి కనపడని ఆ ఎడమవైపు కాసేవాడికి అంత డబ్బిచ్చేది అందుకే. బుర్ర లేనివాడి చేతికి ఎవరైనా అప్పజెప్తారా?

"మీ అమ్మే అనుకుని కాపాడు" అన్నది ఇందులో ఎక్కడ పనికొస్తుందో మెసేజ్ రాసిన మహానుభావుడే చెప్పాలి. ఎదురుగా ఉన్న పాస్ రషర్‌కి మాత్రం అమ్మ లేదా? ఈ ఒక్క మాటతో పనైపోయేదుంటే ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) టీములు లైన్ కోచ్‌లకి జీతాలిచ్చి ఎందుకు పోషిస్తున్నాయి, మదర్స్ డే కార్డులు పంచితే పోయేదిగా!

ఓహర్ మిసిసిపీ యూనివర్సిటీలో ఆడి 2008లో ఏకగ్రీవంగా ఆల్ అమెరికన్ (దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్ల జాబితాలోవాడు) అయ్యాడు. క్రిమినల్ జస్టిస్‌లో డిగ్రీ కూడా చేశాడు. 2009 డ్రాఫ్ట్‌లో (టీములు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) బాల్టిమోర్ రేవెన్స్ తమ వంతుని ముందుకి జరుపుకుని మరీ 23వ ఆటగాడిగా తీసుకుంది. అక్కడ ఐదేళ్లలో 80 రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లు, ఎనభైకి ఎనభై మొదటి నుంచే ఆడాడు. కొట్టుకోవడమే పనిగా ఉన్న స్థానంలో ఐదేళ్లు ఒక్క మ్యాచ్ వదలకపోవడం మాటలు కాదు.

ఈ కట్టుకథ నష్టం చేయదనుకునేవాళ్లకి ఇంకో సంగతి. టాకిల్ లాంటి లైన్‌మన్‌కి టచ్‌డౌన్లుండవు, గజాల లెక్క ఉండదు. టీవీలో పేరు వినపడేది పెనాల్టీ పడ్డప్పుడే. వాడు పనిమంతుడా కాదా అన్నది నలుగురు కోచ్‌లు వీడియో చూసి చెప్పుకునే మాట మీదే నడుస్తుంది. అలాంటి ఉద్యోగంలో ఉన్నవాడికి "పాపం, ఏమీ తెలియని కుర్రాడు" అన్న ముద్ర సినిమా హాళ్లలో కోట్లమంది ముందు వేశారు. అప్పటికి అతను రేవెన్స్‌లో మొదటి సీజన్ ఆడుతున్నాడు! 2015లో అతనే అన్నాడు, ఆ సినిమా వల్ల జనం తన ఆటని ఆటగా చూడటం లేదని. మెసేజ్ పంపేవాళ్లు ఆ మాటే మళ్లీ రుజువు చేస్తున్నారు.

"ఎడమవైపు కాపలా కాసి సూపర్ బౌల్ గెలిచాడు." 2013 ఫిబ్రవరిలో న్యూ ఆర్లీన్స్‌లో రేవెన్స్ 34-31తో ఫార్టీనైనర్స్‌ని ఓడించిన మాట నిజం, ఓహర్ ఆడిన మాట నిజం. కానీ ఆ రోజు అతను ఉన్నది కుడివైపు. ప్లే ఆఫ్స్ మొదలయ్యే ముందు ఎడమవైపుకి బ్రయంట్ మకినీని తెచ్చి, ఓహర్‌ని కుడికి మార్చారు. రేవెన్స్ అతన్ని అంతకుముందు కూడా అటూ ఇటూ తిప్పింది: కుడి, ఎడమ, మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. కుడిచేత్తో కలుపుకు తినేవాణ్ణి పట్టుకుని రేపట్నించి ఎడమచేత్తో మెతుకు కింద పడకుండా తినమన్నట్టే అది. ముందు పడే కాలు మారుతుంది, ఆపే చెయ్యి మారుతుంది. సణగకుండా మారాడు, కప్పు గెలిచారు. నన్నడిగితే అతని కెరీర్‌లో మెచ్చుకోవాల్సింది ఇదే. దీని మీద ఎవరూ సినిమా తీయలేదు.

అలాగని గొప్పవాళ్లలో గొప్పవాడని నేననను. ఏటా మేటి ఆటగాళ్లని ఎంచే ప్రో బౌల్‌కి ఒక్కసారీ ఎంపిక కాలేదు. ఫాల్స్ స్టార్ట్‌లు ఎక్కువే చేసేవాడు, టీవీ ముందు కూర్చుని నేనూ తిట్టుకున్నాను. మంచి పనివాడు, నమ్మదగినవాడు. అది చాలదా?

"ఏడాదికి వంద కోట్లు." లేదు. రేవెన్స్‌తో మొదటి ఒప్పందం ఐదేళ్లకి 1 కోటి 38 లక్షల డాలర్లు. 2014లో టెన్నెస్సీ టైటన్స్ నాలుగేళ్లకి 2 కోట్ల డాలర్లని ప్రకటించి ఒక్క సీజన్‌కే సాగనంపింది. ఎన్ఎఫ్ఎల్‌లో పేపర్లో వేసే అంకె వేరు, చేతికొచ్చేది వేరు. 2015లో పాంథర్స్‌కి వచ్చి క్వార్టర్‌బ్యాక్ క్యామ్ న్యూటన్ ఎడమవైపు కాశాడు. ఆ ఏడాది టీము పదిహేను గెలిచి ఒక్కటే ఓడింది, న్యూటన్ ఎంవీపీ (లీగ్ మొత్తానికి మేటి ఆటగాడు), సూపర్ బౌల్‌లో మాత్రం డెన్వర్ చేతిలో 24-10తో ఓటమి. మరుసటి ఏడాది మూడు మ్యాచ్‌లాడాక తలకి దెబ్బ తగిలి కంకషన్ వచ్చింది. 2017 జులైలో ఫిజికల్ టెస్ట్ పాసవలేదని టీము వదిలేసింది. అప్పటికి 31 ఏళ్లు. మెసేజ్‌లో ఇది కూడా లేదు, ఎందుకంటే మట్టి బంగారమయ్యాక కంకషన్ రాకూడదు.

ఇక "దత్తత". అయ్యా, దత్తత జరగలేదు. అది దాచిన రహస్యమేం కాదు, 2023లో అన్ని పత్రికల్లో వచ్చింది. షాన్, లీ ఆన్ టూయీ దంపతులు (లీ ఆన్ అంటే మెసేజ్‌లోని ఆ "తల్లి") 2004లో, కుర్రాడికి 18 నిండాక, కోర్టులో పెట్టించుకున్నది కన్జర్వేటర్‌షిప్. తన వ్యవహారాలు తాను చూసుకోలేని పెద్దవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు అది. గాయని బ్రిట్నీ స్పియర్స్ పదమూడేళ్లు అందులోనే ఉండి బయటపడింది. దత్తతయితే ఇంటి బిడ్డ, ఆస్తిలో హక్కుదారు. మన ఇళ్లలో దత్తత కోసం తరాల తరబడి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లున్నారు, ఆ తేడా మనకి ఒకరు చెప్పాలా? ఇక్కడ బిడ్డ కాలేదు సరికదా, ఒప్పందాల మీద అతని నిర్ణయాధికారం వాళ్ల చేతికి పోయింది. అది కూడా ఏ లోపమూ లేని, కాలేజీకి వెళ్లబోతున్న కుర్రాడికి.

ఎందుకలా అంటే షాన్ టూయీ చెప్పింది: తాను ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) పూర్వ విద్యార్థి, ఆ కాలేజీకి దగ్గరివాడు, కుర్రాడు అక్కడే చేరితే కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ ఒప్పుకోవాలంటే కుటుంబ సభ్యుడిగా చూపాలి, 18 దాటాక దత్తత కుదరదని లాయర్లు చెప్పారు. కానీ టెన్నెస్సీ చట్టం పెద్దవాళ్ల దత్తతని ఒప్పుకుంటుంది. 2023 ఆగస్టులో ఓహర్ షెల్బీ కౌంటీ కోర్టుకెళ్లాడు. సెప్టెంబర్ 29న జడ్జి కాథ్లీన్ గోమ్స్ ఆ ఏర్పాటుని రద్దు చేస్తూ, ఏ వైకల్యమూ లేని మనిషి మీద ఇలాంటిది తన 43 ఏళ్ల అనుభవంలో చూడలేదంది. అప్పటికి ఓహర్‌కి 37 ఏళ్లు, ఎన్ఎఫ్ఎల్‌లో 110 మ్యాచ్‌లాడి రిటైరైనవాడు. కాగితం మీద మాత్రం అప్పటిదాకా ఒకరి అజమాయిషీలో ఉన్నట్టే.

ఇది రాస్తే గ్రూపులో ఒకడు "అయితే ఆవిడ చేసింది మంచి కాదంటావా?" అని మీదకొచ్చాడు. అననురా. మంచం ఇచ్చారు, భోజనం పెట్టారు, ట్యూటర్‌ని పెట్టి మార్కులు తెప్పించారు. ఇవన్నీ ఓహరే కృతజ్ఞతతో రాసుకున్నాడు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ 2011 పుస్తకంలోనే వాళ్లు తన చట్టబద్ధ కన్జర్వేటర్లని, అది దత్తత లాంటిదేనని తనకి చెప్పారని రాశాడు. కాబట్టి 2023 దాకా ఆ కాగితం ఉన్నట్టే అతనికి తెలియదనుకుంటే అదీ తప్పే. దాని అసలు అర్థం అప్పుడే తెలిసిందన్నది అతని వాదన.

ఎందుకు చెప్తున్నానంటే, ఇప్పుడు రెండో రకం మెసేజ్ మొదలైంది: ఆ కుటుంబం అతని కోట్లన్నీ దోచేసిందని. అదీ పంపకండి. అతను కోర్టుకెక్కింది ప్రధానంగా సినిమా డబ్బు గురించి, తన పేరు, కథ వాడుకోవడం గురించి. సినిమా ద్వారా వచ్చింది అందరం సమానంగా పంచుకున్నామని టూయీలు అన్నారు, తనకి దక్కాల్సింది దక్కలేదని ఓహర్ అన్నాడు. జడ్జి కన్జర్వేటర్‌షిప్ రద్దు చేసినా డబ్బు లెక్కల భాగాన్ని మాత్రం కొట్టెయ్యలేదు, విచారణకి ఉంచింది.