పేరుకున్న తేనె కల్తీది కాదు

అరకు తేనె రైతులు వ్యవసాయ ప్రదర్శనలో పెట్టిన స్టాల్ గురించి ఒక పోస్టు చదివాను, బాగా రాశారు. కానీ కింద కామెంట్లలో ఒకరు ఆ తేనె గురించి "అడుగున పేరుకుంది, పంచదార పాకం కలిపారు" అని తేల్చేయడం చూసి బాధేసింది. అయ్యా, వలిసె అనే నూనెగింజల పంట పూల తేనె చలికాలంలో పేరుకోవడం మామూలే. అందులోని గ్లూకోజ్ పలుకు కడుతుంది. సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే మళ్లీ కరుగుతుంది, పొయ్యి మీద మాత్రం పెట్టకండి. నీళ్లలో చుక్క వేసి చూసే పరీక్షనూ నమ్ముకోవద్దు. 2020లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్ఈ) అనే పర్యావరణ సంస్థ 13 బ్రాండ్ల తేనెను, కలిపిన చక్కెర పాకాన్ని పసిగట్టే ఎన్‌ఎంఆర్ అనే అధునాతన ల్యాబ్ పరీక్షకు పంపితే మూడే నెగ్గాయి. మామూలు ల్యాబ్ పరీక్షల్లో మాత్రం ఆ 13 బ్రాండ్లలో చాలావరకు పాసయ్యాయి కూడా!

ఇలాంటి స్టాళ్లలో నాకు నచ్చేది రైతే ఎదురుగా ఉండటం. తేనెపట్టు ఫ్రేమ్ పైకెత్తి, గదుల మీది తెల్లటి మైనపు మూతల్ని కత్తితో చెక్కి చూపిస్తారు. మూత పడిందంటే తేనె పక్వానికి వచ్చినట్టే. అంతకుముందే తీస్తే నీరెక్కువై పులుస్తుంది. ఏ పూలది, ఎప్పుడు తీశారు అని అక్కడే అడిగేయొచ్చు. దయచేసి బేరం ఆడకండి, తేనెటీగల పెట్టెలు మోసుకుని పూల వెంట తిరిగే కష్టం వాళ్లది. ఏడాదిలోపు పిల్లలకు తేనె నాకించొద్దని స్టాల్ ముందు ఒక బోర్డు కూడా పెడితే బాగుంటుంది.